బొడ్డమ్మ తోటలో పెద్ద మిషను

కర్నూలు,
9 జూన్ 2024

అత్తా,

క్షేమంగా చేరాను. నువ్వు సంచి అడుగున దాచిన పనస తొనల సంగతి రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటకముందే బోగీ అంతటికీ తెలిసిపోయింది. ఇక్కడికి తెచ్చుకోగలిగింది సగమే. మిగిలినవి నా గదిలో అమ్మాయిలు ఊడ్చేశారు.

నీతో ఫోనులో మాట్లాడాలంటే నువ్వు రోడ్డు దాకా నడవాలి, నడిచి వచ్చేసరికి నేను సోలారు ప్లాంటులో డ్యూటీలో ఉంటాను. అందుకే ఉత్తరం. పైగా "ఫోనులో నువ్వు గబగబా మాటాడీసి పెట్టీత్తావు, కాగితమైతే నింపాదిగా సదూకుంతాను" అన్నది నువ్వే.

నాన్న పెట్టిన షరతు గుర్తుంది కదా. పోయినేడు నూతి దగ్గర చీకట్లో నువ్వు పామును తొక్కబోయినప్పటి నుంచి ఆయనకి తోట పేరెత్తితే భయం, ఆ భయం కోపంగా బయటికి వస్తుంది. తిత్లీ తుపానుకి పడిన కరెంటు స్తంభాలు మళ్ళీ లేవలేదు. నీ పాక కోసం, తోట అవతలి కృష్ణవేణి ఇంటి కోసం ఇక లేస్తాయన్న ఆశ కూడా లేదు. "దీపావళి దాకా సూత్తాను. దీపం సరిగ్గా ఎలిగితే సరే, నేకపోతే అక్కని పలాస తెచ్చీడమే" అని నేను బయలుదేరేముందు మళ్ళీ అన్నాడు. పలాసలో జీడి ఫ్యాక్టరీ పొగ మధ్య మా ఇంట్లో రెండు రోజులుంటేనే నీకు గాలాడదు. నువ్వు తోటలో ఉండటమా, మానటమా అన్నది ఇప్పుడు ఆ దీపం మీదే ఉంది. అందుకే ఆ సోలారు ప్లేటూ, మిషనూ అంత పట్టుగా బిగించాను.

కృష్ణవేణి ఇంట్లో ఉన్నదానిలాంటి చిన్న కంట్రోలరు సరిపోదా అని నువ్వు అడిగావు. ఆ రోజు నిచ్చెన మీద ఉండి సరిగ్గా చెప్పలేకపోయాను. ప్లేటు ఎండలోంచి తీసిన కరెంటుని బ్యాటరీకి పంపడం, నిండాక ఆపడం, బ్యాటరీ మరీ ఖాళీ అయిపోతుంటే దీపం ఆర్పేసి దాన్ని కాపాడటం, ఈ పనులు చవక రకమూ చేస్తుంది, నేను బిగించిన పెద్ద మిషనూ చేస్తుంది. తేడా ఏమిటంటే, చవకది ప్లేటుని తిన్నగా బ్యాటరీకి కలిపేస్తుంది. ప్లేటు ఎక్కువ ఓల్టులు ఇవ్వగలిగినా బ్యాటరీ దగ్గర ఎన్ని ఉంటే అంతకే దిగిపోవాలి, మిగిలింది పోయినట్టే. పెద్దది ఆ ఎక్కువ ఓల్టులను తగ్గించి, బదులుగా ఎక్కువ కరెంటు చేసి ఇస్తుంది. బిందె నోరు చిన్నదైతే ధార సన్నం చేసి ఒక్క చుక్క ఒలక్కుండా పోస్తాం చూడు, అలాగ. పొద్దున్నే, సాయంత్రం, మబ్బు పట్టినప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. వానాకాలాన్ని దృష్టిలో పెట్టుకునే అది కొన్నాను, దానికి తగ్గట్టు ప్లేటు కూడా ఎక్కువ ఓల్టుల రకమే తెచ్చాను.

మన ఇంట్లో పగటి బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. కానీ అక్షరాలు దిద్దింది బడి కంటే ముందు నీ పాకలో, కిరసనాయిలు బుడ్డి దగ్గర. పొద్దున లేచి ముక్కు తుడుచుకుంటే గుడ్డకి మసి అంటేది. నువ్వు పీచు తీస్తూ, రేడియోలో వచ్చే పాటకి గొంతు కలుపుతూ, మధ్యలో "'ళ' కి తోక అలగ కాదే" అని దిద్దేదానివి. అదే పాకలో నేను బిగించిన దీపం వెలిగినప్పుడు, అత్తా, నేను బయటికి ఎందుకు వెళ్ళిపోయానో నీకు తెలిసే ఉంటుంది.

నీ మేనకోడలు,
సింధూర


కవిటి తోట,
24 జూన్

అమ్మా సింధూర,

నీ ఉత్తరం పోస్టుమేను టీ కొట్లో ఇచ్చీసి ఎల్లిపోనాడంట. నా సేతికొచ్చీసరికి నలుగురు సదివీసినట్టున్నారు. పోనీలే, మంచి మాటలే గదా. నాది రాత్రి బడిలో నేరిసిన రాత, నోటికొచ్చినట్టే రాత్తాను, నవ్వకు.

దీపం బాగా ఎలుగుతున్నాది. సూడ్డానికి జనాలు వత్తన్నారు. "ఎవులు బిగించినారు?" అంటే "నా మేనకోడలు" అంతాను. "ఆడపిల్లా?" అంతారు. "మరి మగపిల్లని మేనకోడలంతారేటి?" అంతాను. కృష్ణవేణి కూడా వచ్చి ఆ మిషను కాసి సూసి ఎల్లినాది. దానింటి మీద రెండు సిన్న ప్లేటులు, ఒక సవక డబ్బా ఉన్నాయి గదా. దీపాలకి సాలతాయి గానీ కుట్టుమిషను మోటారు పెట్టినాక సాలట్లేదంట. జాకెట్టు సగం కుట్టీసరికి ఆగిపోతన్నాదంట. ఆ సగం జాకెట్టు నాదే.

ఒక్క సుక్క ఒలక్కుండా అని రాసినావు. ఒలికిన నీళ్ళు పాదులోకి పోతే మొక్క తాగుతాది గదే, పోనాయని అనుకోడమెందుకు? ఏదో నా పిచ్చి.

ఒక్క మాట అడుగుతాను, ఏటనుకోకు. ఆ పెద్ద మిషనుకి పొద్దున పూట కాసేపు పని నేకుండా సెయ్యొచ్చా? మద్దేనం ఇంకాసేపు. తరవాత అదే సేసుకుంతాది గదా. పాడవదు గదా? ఊరికినే అడిగినాను.

కొబ్బరి ఈ ఏడు కాపు పరవానేదు. నువ్వు గుడ్డు తిను, ఒట్టి సారుతో సరిపెట్టకు.

ఇట్లు
మీ అత్త బొడ్డమ్మ


కర్నూలు,
7 జూలై

అత్తా,

నీ ఉత్తరం చదివి మా గదిలో అందరం నవ్వుకున్నాం. రాత చూసి కాదు, నీ మనసు చూసి. దుక్కి రోజుల్లో ఎండ ఎక్కకముందే ఎడ్లని విప్పించి, మావయ్య కేకలేస్తున్నా "నీకేటి, నువ్వు కుడితి తాగి పన్జేత్తన్నావా?" అని ఆయన మీదే తిరగబడేదానివి. ఇప్పుడు మిషనుకి కూడా విశ్రాంతి ఇస్తానంటున్నావు!

దానికి అలుపు ఉండదు అత్తా. పగలు ఎండ ఉన్నంతసేపూ పనిచేయటానికే పుట్టింది. నడి పొద్దున ఆపావంటే బ్యాటరీకి పడాల్సిన మేత పడదు, సాయంత్రం దీపం వెలగదు. వెలగకపోతే నాన్న ఏమంటాడో నీకు నేను చెప్పక్కర్లేదు. దయచేసి దాని జోలికి వెళ్ళకు. ప్లేటు మీద దుమ్ము పడితే మాత్రం పొద్దున్నే చల్లటి నీళ్ళతో తుడువు, చాలు.

ఇక్కడ మా ప్లాంటులో కంటికి ఆనినంత మేరా ప్లేట్లే. చెట్టు లేదు. మధ్యాహ్నం నీడ కావాలంటే ప్లేటు కిందే కూర్చోవాలి. అలా కూర్చున్నప్పుడు నీ తోటలో ఇసుక గుర్తొస్తుంది. పైన కాలుతుంది, అరచెయ్యి లోతు తవ్వితే చల్లగా తడి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇద్దరం కాళ్ళు ఇసుకలో పూడ్చుకుని కూర్చునేవాళ్ళం. నువ్వు రేడియోలో విన్న కబుర్లు చెప్పేదానివి. దేశంలో ఎక్కడ ఏమైందో నీకు తెలిసినంత నాన్నకి తెలిసేది కాదు.

కృష్ణవేణికి చెప్పు, దసరా తర్వాత వచ్చినప్పుడు ఆమె మోటారు సంగతి చూస్తాను.

ప్రేమతో
సింధూర


కవిటి తోట,
4 ఆగస్టు

అమ్మా,

ఉన్నమాట రాయాల. నాలుగు దినాల నుంచి దీపం పొద్దోయిన కాసేపటికే ఆరిపోతన్నాది. నిన్న సరిగ్గా అదే ఏలకి మీ నాన్న వచ్చినాడు.

"ఏటక్కా, సీకట్లో కూకున్నావు?" అన్నాడు.

"ఎండ నేదురా" అన్నాను.

"ఎండ నేకపోడమేటి? మద్దేనం బస్సు కోసం నిలబడీసరికి నా మాడు మాడిపోనాది."

"నీ మాడు మీద కాసినాదిరా, ప్లేటు మీద కాయనేదు."

వాడు కోపగాడు గదా, "దాని సదువు, నీ ముద్దు, రెండూ కలిపి సీకటి తెచ్చినారు. పెట్టె సద్దుకో" అన్నాడు. నాకు ఒల్లు మండిపోనాది. "దాని సదువునేటైనా అన్నావంటే గడప దిగీ" అన్నాను. దిగనేదు. కూకుని అన్నం తినీసి, పొద్దున ఎల్లినాడు. దీపావళి మాట మల్లీ సెప్పి మరీ ఎల్లినాడు.

మిషనులో తప్పు నేదు సింధూర. నువ్వు బిగించిన దాంట్లో మేకు కూడా కదల్నేదు. ఎవులేటన్నా నువ్వు మనసులో పెట్టుకోకు. కానైతే ఒక మాట. కృష్ణవేణి ఇంటి కాడి సవక డబ్బా లాటిదే నాకు సరిపోతాదేమో. పెద్దది తీసీసి అది పెట్టడం కుదురుతాదా?

ఆనపకాయలు కాసినాయి. తినీవోల్లు నేక కృష్ణవేణికిచ్చినాను.

బొడ్డమ్మ అత్త


కర్నూలు,
15 ఆగస్టు

అత్తా,

జెండా పండుగ కాబట్టి సెలవు. పొద్దున్నించి నీ ఉత్తరం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

తప్పు లేదంటావు, తీసేయమంటావు. నీకు నా పని మీద నమ్మకం లేకపోతే ఆ మాటే రాయవచ్చు. నాన్న అంటే నేను పడతాను, ఆయన మొదటి నుంచీ అంతే. పదో తరగతి అయ్యాక ఇక చాలన్నది ఆయన, టెక్కలి కాలేజీకి పంపాల్సిందేనని ఆయనతో ఆరు నెలలు మాట్లాడటం మానేసింది నువ్వు. ఆ నువ్వే నేను బిగించింది తీసేసి చవకది పెట్టమంటే ఏమనుకోవాలో తెలియలేదు.

సరే, పనిమాటకి వస్తాను. దీపం తొందరగా ఆరిపోతోందంటే పగలు బ్యాటరీ నిండటం లేదు. కొబ్బరాకు కొత్తగా ఎదిగి ప్లేటు మీద నీడ పడుతుండవచ్చు. ప్లేటులో ఒక మూల నీడ పడినా మొత్తం మీద దెబ్బ పడుతుంది. వైరు బిగువు తప్పి ఉండవచ్చు. లేదా నేనే బ్యాటరీ రకం తప్పుగా పెట్టి ఉండవచ్చు. ఇదైతే నా తప్పే, ఒప్పుకుంటాను. నాతో చదివిన ఉమామహేష్ టెక్కలిలోనే ఉన్నాడు, ఈ పనులే చేస్తాడు. వీలు చూసుకుని వస్తానన్నాడు. అతను చూసే దాకా ఏదీ తీయవద్దు.

ఆ చవక డబ్బాని నీ ప్లేటుకి కలిపితే సగం పైగా ఎండ వృథా అవుతుంది అత్తా. అది ఆ ప్లేటు కోసం చేసింది కాదు. నన్ను కాకపోయినా ఈ ఒక్క మాటని నమ్ము.

సింధూర


కవిటి తోట,
8 సెప్టెంబరు

సింధూర తల్లికి,

నీకు కోపమొచ్చినాదని తెలిసినాది. "ప్రేమతో" అని రాయనేదు ఈసారి.

ఉమామహేష్ వచ్చినాడు. మంచి గుంటడు, నెమ్మదస్తుడు. నిచ్చెన ఎక్కినాడు, దిగినాడు, మీటరు పెట్టినాడు, తీసినాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి పెద్దమ్మా, ఇలాటి ఎండకి బ్యాటరీ పొంగిపోవాల, ఎందుకు నిండట్లేదో తెలట్లేదు" అని బుర్ర గోక్కున్నాడు. నాను పాయసం ఎట్టినాను. రెండు మాట్లు అడిగి ఏయించుకున్నాడు. సావాసగాడేనా, మరేటైనా ఉందా? ఉంటే ముందు నాకే సెప్పాల.

మల్లీ రెండు దినాలకి మీ నాన్న వచ్చినాడు. ఆ ఏల కూడా దీపం ఆరిపోనాది. నాను బాగా ఆలోసించినాను. పలాస వచ్చీత్తానని ఒప్పీసుకున్నాను. దీపావళి ఎల్లినాక వేను తెత్తానన్నాడు. ఎవులైనా అడిగితే నాకు ఒంట్లో నలతగా ఉంది, అందుకు ఎల్తన్నానని సెప్తాను. మిషను మీద మాట రాదు, నీ మీద మాట రాదు. అది సాలు నాకు.

నాను ఎల్లినాక ఆ మిషనూ, ప్లేటూ నువ్వు ఇప్పుకుని పట్టుకెల్లు. ఎవులికైనా పనికొత్తాది. తోట కాయలు కృష్ణవేణి మొగుడు దింపుతాడు.

బెంగెట్టుకోకు.

అత్త


కర్నూలు,
19 సెప్టెంబరు

అత్తా,

ఉమామహేష్‌తో ఫోనులో మాట్లాడాను. ప్లేటు పట్టీల కింద ఎండిన కొబ్బరాకు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయట. స్టాండు కాళ్ళకి తాడు కట్టి విప్పిన రాపిడి ఉందట. గాలికి రాలిన ఆకు పట్టీ కిందికి దూరదు. పాక వెనక ప్లేటు కొలతకి సరిగ్గా సరిపోయే కొత్త తడక గోడకి ఆనించి ఉందని కూడా చెప్పాడు.

నువ్వు ప్లేటుకి తడక కప్పుతున్నావు. ఎందుకు?

నాకు కోపం లేదు. నువ్వు ఉన్న చోటు వదులుకుని పలాస వెళ్ళటానికి కూడా సిద్ధపడ్డావంటే అది చిన్న సంగతి కాదు. నాన్నకి చెప్పను. నాకు మాత్రం నిజం రాయి. రాసే దాకా నాకు అన్నం సయించదు.

ప్రేమతో, నిజంగానే ప్రేమతో
సింధూర


కవిటి తోట,
30 సెప్టెంబరు

అమ్మా సింధూర,

దొరికిపోనాను గదా. సెప్తాను.

నువ్వు ఎల్లిన మర్నాడు పొద్దున రేడియో పెట్టినాను. గర్రుమన్నాది. పెనం మీద జీడిపిక్కలు పేలినట్టు సప్పుడు, దాని కింద ఎక్కడో మనిసి గొంతు. సెల్లు అయిపోనాదనుకుని కొత్త సెల్లేసినాను. అలాగే ఉన్నాది. పొద్దెక్కీ కొద్దీ గోల ఎక్కువైనాది. పొద్దోతే పోనాది. ఒకనాడు మబ్బు అడ్డమొచ్చినాది, గోల తగ్గినాది. మబ్బు ఎల్లిపోనాది, మల్లీ గోల. అప్పుడు తెలిసినాది నాకు, ఇది నీ మిషను పని. తడక అల్లి, నిచ్చెనేసుకుని కప్పి సూసినాను. గొంతు తేటగా వచ్చీసినాది. వార్తలయ్యాక తీద్దామనుకుంతాను, పీచు పనిలో పడి మరిసిపోతాను. పొద్దోయినాక గేపకమొత్తాది. అప్పుడు తీసి ఏం లాభం?

రేడియో మోసుకుని తోట సివరికి ఎల్లి కూడా సూసినాను. అక్కడ బాగానే మాటాడతాది, కృష్ణవేణి సవక డబ్బా పక్కనా బాగానే మాటాడతాది. కానైతే గంజి పొయ్యి మీద ఇక్కడ, నాను అక్కడ. రెండు మాట్లు గంజి మాడిపోనాది.

నువ్వు అంతావు, రేడియోదేటి, దీపం కంటే ఎక్కువా అని. అది మీ మావయ్య కొన్నాడు. కొబ్బరి సెట్టెక్కి ఏరియలు తీగ కట్టినాడు. ఆ తీగ తుపానుకి తెగిపోతే ముడేసినాను గానీ మార్చనేదు. నాను రాత్రి బడికెల్లి రాత నేరిసినాక మొదట రాసినది ఎవులికో తెలుసా? విశాఖ రేడియో కేంద్రానికి. కొబ్బరికాయకి నల్లి పట్టి కాయలు పిందెలోనే పాడైపోతన్నాయి, ఏటి సెయ్యాల అని రైతుల కార్యక్రమానికి కార్డు ముక్క రాసినాను. రాసినానని సిగ్గేసి ఎవులికీ సెప్పనేదు. ఒకనాడు గంజి వారుత్తంటే రేడియోలో "కవిటి నుంచి బొడ్డమ్మగారు అడుగుతున్నారు" అన్నాడు. గారు అన్నాడే! కుండ సేతిలోంచి ఒగ్గీసినాను. మీ మావయ్య తోటంతా పరిగెత్తినాడు, "మా ఆడదాని పేరు సదివినారు" అని కనపడినోడికల్లా సెప్పినాడు. అప్పుడు నువ్వు నేల మీద పాకుతున్నావు. నిన్నెత్తుకుని, "ఇది మా అందరి కంటే ఎక్కువ సదవాల" అన్నాను. మీ నాన్న నవ్వినాడు.

మావయ్య పోనాక ఈ పాకలో నాతో మాటాడీ మగగొంతు అదే, ఆడగొంతు అదే. ఇనాలంటే సముద్రం సప్పుడు, నేకపోతే రేడియో.

మరి నీకెందుకు సెప్పనేదంటే, నువ్వు మిషను బిగించి కిందికి దిగినప్పుడు నీ మొకం సూసినాను. ఆ మొకం సూసినాక "దీని వల్ల నాకు రేడియో పోనాది" అని ఎలాగ రాత్తాను? మీ నాన్నకి సెప్తే "అయితే తీసీసి వచ్చీ" అంతాడు. ఇటు సెప్పనేను, అటు సెప్పనేను. మబ్బు కోసం సూసుకుని కూకున్నాను. ఉద్దానంలో రైతు ఎవులైనా ఆకాశంలో మబ్బు సూసి రేడియో పెడతాడేటి? నాను పెట్టినాను.

అన్నం తిను.

మీ అత్త


కర్నూలు,
10 అక్టోబరు

అత్తా,

ఎన్నిసార్లు చదివానో తెలియదు. "గారు" అన్న చోట ప్రతిసారీ ఆగిపోయాను. రేడియో నువ్వు పాటల కోసం పెట్టుకుంటావనుకున్నాను ఇన్నేళ్ళూ. నా చదువుకి ముడి అక్కడ పడిందని నాకెవరూ చెప్పలేదు.

మిషనుకి జబ్బేమీ లేదు, అది దాని స్వభావం. ఎక్కువ ఓల్టులను తగ్గించి కరెంటు పెంచాలంటే లోపల సెకనుకి వేల వేల సార్లు కలుపుతూ, విడదీస్తూ ఉండాలి. ఆ అదురు వైర్ల మీదుగా గాలిలోకి పాకుతుంది. నీ రేడియో పట్టే తరంగాల దగ్గరే దాని గోల కూడా ఉంటుంది. చవక డబ్బా అలా కాదు. బ్యాటరీ నిండే దాకా ప్లేటుని తిన్నగా కలిపి ఊరుకుంటుంది. నిండుకొచ్చాకే కొట్టుకోవడం మొదలుపెడుతుంది, అదీ మెల్లగా, చిన్న గురకలా. పొద్దుటి వార్తలకి, రైతుల కార్యక్రమానికి అడ్డం రాదు.

నేను రెండిటినీ పోల్చినప్పుడు ఏది ఎక్కువ కరెంటు ఇస్తుంది, ఏది బ్యాటరీని ఎక్కువ కాలం కాపాడుతుంది అని చూశాను. ఆ పాకలో కూర్చుని వినే మనిషి పగలంతా ఏం చేస్తుందో చూడలేదు. పుస్తకంలో ఆ గడి లేదు అత్తా, నేనే వేసుకోవాల్సింది.

నాకు దసరాకి సెలవు దొరకలేదు, ఉమామహేష్ వచ్చే ఆదివారం వస్తాడు. ముందు వైర్లు మెలివేసి, వాటికి గోలని మింగే నల్ల రింగులు తొడిగి, మిషనుని పాకకి దూరంగా జరిపి చూస్తాడు. గోల తగ్గి, నీకు సరిపోతే పెద్దదే ఉంటుంది. సరిపోకపోతే కృష్ణవేణితో మాట్లాడు. ఆమెకి మోటారు కోసం ఎక్కువ కరెంటు కావాలి, రేడియో లేదు. నీకు రేడియో కావాలి, మోటారు లేదు. ఆమె చిన్న ప్లేట్లు, చవక డబ్బా నీకు. నీ పెద్ద ప్లేటు, పెద్ద మిషను ఆమెకి. ఆమె ఇల్లు నీ పాకకి దూరమే కాబట్టి గోల నిన్ను చేరదు. మార్చేటప్పుడు మాత్రం విప్పేటప్పుడు ముందు ప్లేటు, కలిపేటప్పుడు ముందు బ్యాటరీ. ఉమామహేష్‌కి తెలుసు, అయినా నువ్వు పక్కనుండి చూడు.

దాచకుండా ఒక మాట రాస్తాను. చిన్నదానితో ముసురు పట్టిన రోజుల్లో దీపం తొందరగా ఆరిపోతుంది. ఈసారి తడక వల్ల కాదు, నిజంగానే. ఆ రోజు నాన్న వచ్చాడంటే మనం ఏమీ చెప్పుకోలేం. పెద్దది ఉంచుకుంటే నాన్న దగ్గర గెలుస్తాం. ఏది ఉంచాలో నువ్వే చెప్పు. నువ్వు ఏదంటే అదే నాకు సమ్మతం, ఈసారి నొచ్చుకోను. పలాస మాత్రం ఒంట్లో నలత అని అబద్ధం చెప్పి వెళ్ళకు.

బొడ్డమ్మగారికి నమస్కారాలతో
సింధూర


కవిటి తోట,
6 నవంబరు

అమ్మా సింధూర,

రింగులేసినా గోల సగమే తగ్గినాది. సవకదే పెట్టించినాను. కృష్ణవేణి మోటారు ఇప్పుడు ఆగకుండా తిరుగుతున్నాది, నా జాకెట్టు పూర్తయినాది. సేతులు కొంచెం బిగువు.

నిన్న కాదు మొన్న మీ నాన్న వేను పట్టుకుని దిగినాడు. రానని ముందే కబురెట్టినాను, అయినా దిగినాడు. అల్పపీడనం గదా, రెండు దినాల నుంచి ఒకటే ముసురు. నాను వద్దంటన్నా మంచం ఎక్కించీసినాడు. తాల్లు కట్టీసినాడు. వాన పెరిగితే ఇసకలో సక్రం దిగిపోనాది. డ్రైవరు కూడా పొద్దున సూద్దామని కృష్ణవేణి ఇంటికి పడుకోడానికి ఎల్లిపోనాడు.

సాయంత్రం మీ నాన్నా, నానూ కూకుని సేపల కూర తింటన్నాం. ముద్ద కలిపీసరికి దీపం ఆరిపోనాది. ఇంకేటుంది, అయిపోనాదనుకున్నాను. వాన సప్పుడొక్కటే.

సీకట్లోనే "అక్కా" అన్నాడు.

"ఏటి?"

"ముల్లు సూసుకుని తిను."

"నువ్వు సూసుకో. సిన్నప్పుడు నీ కంచంలో ముల్లు తీసినదెవులు?"

నవ్వినాడు. సీకట్లో నవ్వితే అచ్చం మా అయ్యలాగున్నాది ఆ నవ్వు. మా ఇంట్లో అప్పుడు దీపం సుట్టాలొస్తేనే ఎలిగించీవోల్లు, తెలుసా? మేం రోజూ సీకట్లోనే తినీవోలం. సేత్తో తడిమి ముల్లు తీసి వాడికి పెట్టీదాన్ని. అవన్నీ సెప్పుకున్నాం. మా అమ్మ కంచం నిండిందా నేదా అని వేలెట్టి సూసీది. అది వాడికి గేపకమే నేదనుకున్నాను, వాడే తీసినాడు ఆ మాట.

తరవాత "రోజూ ఇంతేనా?" అన్నాడు. నిజం సెప్పీసినాను. "వానొస్తే ఇంతే. ఎండ కాత్తే పడుకునీదాకా ఎలుగుతాది" అన్నాను.

"మరి పెద్దదే ఉంచుకోవలసింది."

"అది ఉంటే దీపం ఉంతాది, నాతో మాటాడీది ఉండదు" అన్నాను. తడక సంగతి అంతా సెప్పినాను. సెయ్యి కడుక్కోడానికి నూతి కాడికి నా ముందు టార్చి ఏసుకుని నడిసినాడు, మల్లీ పాక దాకా నా ఎనకాల ఏసుకొచ్చినాడు.

పొద్దున వాన తగ్గినాది. రేడియో పెట్టినాను. వేప్పుల్ల నముల్తా అరుగు మీద కూకుని వార్తలన్నీ ఇన్నాడు, రైతుల కార్యక్రమం ఇన్నాడు. డ్రైవరొచ్చి సక్రం లేపి "బావా, ఎల్దామా?" అంటే లేసెల్లి తాల్లు ఇప్పి మంచం దింపీసినాడు. "అదేటి, ఎక్కించినావు గదా?" అన్నాడు డ్రైవరు. "కోడు ఊగుతున్నాది, తోవలో ఇరిగిపోతాది" అన్నాడు మీ నాన్న. కోడు బాగానే ఉన్నాది.

"ఎల్తానక్కా" అన్నాడు, వేనెక్కీసినాడు. అంతే. ఉండమన్నేదు, రమ్మన్నేదు.

మద్దేనం పాక ఊడుత్తంటే టార్చి కనపడినాది. ఫ్యాక్టరీ రాత్రి డ్యూటీకి వాడు పట్టుకెల్లీ టార్చి. మరిసిపోనాడు, డ్యూటీకి ఎలాగో పాపం అనుకుని కృష్ణవేణి మొగుడి సేత కబురెడదామని తియ్యబోయినాను. తలుపు పక్కన, నా సేతికి అందీ ఎత్తులో, కొత్త మేకు కొట్టి దానికి తగిలించి ఉన్నాది.

మరిసిపోయినోడు మేకు కొట్టి తగిలిస్తాడేటే?

ప్రేమతో
అత్త